ఖాళీ గడి పండగ

లేత్కా తన పేరుపండగను తానే చాటించుకుందట. ఈ మాట మొదట అన్నది పక్కింటి దేనా. రొట్టెల కొట్లో నిలబడి అన్నదట. కొట్టు యజమాని మెహ్మెద్ దాన్ని బస్సు డ్రైవరు చెవిన వేశాడట. డ్రైవరు స్టేషను దాకా వెళ్ళి తిరిగి వచ్చేలోపల ఆ మాట కాస్త ఒళ్ళు చేసి, లేత్కా గొర్రెపిల్లను కోయించిందనీ, సాయంత్రం బాజాలు కూడా ఉన్నాయనీ అయిందట. "అరవై దాటాక తెలివొచ్చింది దానికి. పోనీలే, ఇప్పటికైనా వచ్చింది," అని దేనా కొసరు కూడా వేసిందట.

ఆ వేళకి లేత్కాకి ఇవేవీ తెలియవు. బ్రెస్తాక్ ఊరి పఠనమందిరం వెనకగదిలో కూర్చుని, నిన్నటి రొట్టెముక్కను కాఫీలో ముంచి తింటూ, రేపు నీళ్ళు రాని వీధుల పేర్లు కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది.

పొట్టి మనిషి. వెడల్పాటి భుజాలు, ఉందా లేదా అన్నట్టుండే మెడ. వెనకనుంచి చూస్తే ధాన్యం బస్తాకి తలగుడ్డ కట్టినట్టుంటుందని దేనా అంటుంది. కళ్ళజోడును బూటు తాడుతో మెడకి వేలాడేసుకుంటుంది. ఊదారంగు స్వెట్టరుకున్న గుండీల్లో ఏ రెండూ ఒక జాతివి కావు. రెండు చూపుడువేళ్ళతోనే టైపు చేస్తుంది, అదీ గునపంతో గొయ్యి తవ్వినట్టు. పాత టైపురైటరు నేర్పిన అలవాటు అది. కీబోర్డు మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. పక్క బల్ల దగ్గర పుస్తకాలు చూసే నెవెనా ఆ కీబోర్డు జోలికి పోదు. "నీ కీబోర్డు ముందు కూర్చుంటే నాకు చదువు రానట్టుంటుంది పిన్నీ," అంటుంది.

లేత్కా ఉద్యోగం సహకార వ్యవసాయ సంఘంలో టైపిస్టుగా మొదలయింది. అప్పట్లో ఆమె చేతిలో చుక్కల కాగితాలుండేవి. "శ్రీ ....... గారి ఇంట ....... తేదీన వివాహం." "శ్రీమతి ....... మనల్ని విడిచి వెళ్ళారు." "....... గారి ఆవుకు టీకా వేయడమైనది." మాటలు మారవు, చుక్కలు మారతాయి. ఆవు చుక్కల్లో పెళ్ళికొడుకు పేరు పడకుండా చూసుకోవడమే ఉద్యోగం. సంఘం మూతపడ్డాక పఠనమందిరం వాళ్ళు తీసుకున్నారు. తర్వాత కంప్యూటరు వచ్చింది. ప్రింటరు బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్కు ఒకడు, వాన వెలిసేదాకా పనిలేక, ఆమెకి టెంప్లేట్ అంటే ఏమిటో చూపించాడు. పేజీ అంతా ఒక్కసారి రాసిపెట్టుకోవాలి. మారే చోట జంట పూలబ్రాకెట్లు పెట్టి మధ్యలో ఖాళీ వదలాలి. పట్టికలోంచి ఒక్కొక్క పేరూ తీసి ఆ ఖాళీల్లో పోసే పని స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాముది.

లేత్కా కళ్ళజోడు పెట్టుకుని తెరకేసి చూసి, "ఓస్, ఇదేనా! చుక్కలు తీసేసి మీసాలు పెట్టావు," అందట. ఆమె మొగుడు ఇల్కోవి అచ్చం అలాంటి మెలితిరిగిన మీసాలే. అప్పటినుంచీ పఠనమందిరంలో పూలబ్రాకెట్టుకి మీసం అనే పేరు స్థిరపడిపోయింది. "పిన్నీ, ఇక్కడ ఒక మీసం ఊడింది," అంటుంది నెవెనా, పేజీ అడ్డదిడ్డంగా కనిపిస్తే.

అలా ఊరికొక పేజీ పుట్టింది. పొద్దున్నే లేత్కా వచ్చి, స్టవ్వు మీద కాఫీ పెట్టి, ఒక్క మీట నొక్కుతుంది. కాఫీ పొంగేలోపల అచ్చులో పిండి పోసినట్టు వాతావరణం, బస్సులు, నీళ్ళు, ఎవరి మేక తప్పిపోయిందో, ఎవరు కన్నుమూశారో, ఈ రోజు పేరుపండగ ఎవరిదో, వాళ్ళ ఇల్లెక్కడో అన్నీ ఎక్కడివక్కడ కూర్చుని పేజీ తయారవుతుంది. ఊళ్ళో ముసలివాళ్ళు కూడా ఫోను తీసేది దానికోసమే. ఫోను లేనివాళ్ళకి ఒక కాగితం మీద అచ్చుతీసి, తిరిగి చదవకుండానే గుమ్మం పక్క గాజుపెట్టెలో అంటిస్తుంది.

అందరూ ముందు చూసేది పేరుపండగే. ఎందుకంటే పేరుపండగకి ఎవరూ ఎవర్నీ పిలవరు. పిలిస్తే పరువు తక్కువ. ఏ పునీతుడి పేరు పెట్టుకున్నవాళ్ళు ఆ పునీతుడి రోజున వండుకుని, తలుపు తీసిపెట్టుకుని కూర్చోవాలి. గుర్తున్నవాళ్ళు వస్తారు. రాకపోతే ఆ ఇంటివాళ్ళు అటూ ఇటూ చూసి తలుపు వేసుకోవడమే. లేత్కా పేజీ వచ్చాక ఊళ్ళో ఎవరూ అలా తలుపు వేసుకోలేదు.

ఆమెకి మాత్రం పండగ లేదు. తండ్రి పెట్టిన పేరు అలాంటిది. తల్లేమో నాయనమ్మ పేరు పేత్రా అని పెట్టుకుందామని మురిసిపోయిందట. తండ్రి సంఘానికి పెద్ద, గుడి గుమ్మం తొక్కనని శపథం పట్టిన మనిషి. పురిటిమంచం పక్కనుంచే నేరుగా రిజిస్ట్రారు దగ్గరికి పోయి పెతిలెత్కా అని రాయించి వచ్చాడు. అంటే పంచవర్ష ప్రణాళిక. పిల్లకి పంచవర్ష ప్రణాళిక అని పేరు పెడితే ఏ పునీతుడు పూచీ పడతాడు? బళ్ళో పిల్లలు "ఏమే, నీ లక్ష్యం నెరవేరిందా?" అని ఏడిపించేవాళ్ళు. ఇల్కోయే దాన్ని సగానికి కోసి లేత్కా చేశాడు. ఇల్కో ఉన్నన్నాళ్ళూ, అతని పేరుపండగ అయిన పునీత ఇలియా రోజున ఆ ఇంట్లో కాలు పెట్టే చోటుండేది కాదు. అందరూ ఇల్కో చుట్టాలు, ఇల్కో స్నేహితులు. లేత్కా పొయ్యి దగ్గర చెమట తుడుచుకుంటూ పళ్ళేలు నింపేది. ఇల్కో పోయి పదేళ్ళు దాటింది. అప్పటినుంచీ ఆ పొయ్యి మీద ఒక్క గిన్నెకే పని.

ఇదంతా ఆమెకి బెంగ అనుకుంటే పొరపాటు. పట్టికలో ఊరందరికీ ఒక్కొక్క వరస ఉంది, వరసకి ఒక పండగ గడి ఉంది. ఆ గడులు నింపడం ఆమెకి సరదా. పూలపేర్లూ చెట్లపేర్లూ ఉన్నవాళ్ళందర్నీ మట్టలాదివారం కింద వేసింది. మొదటి మనిషి అంతరిక్షంలోకి వెళ్ళిన ఏడు పుట్టి కోస్మోస్ అనిపించుకున్న గొట్టాల మేస్త్రీని తీసుకెళ్ళి పునీత కోజ్మా గూట్లో పెట్టింది. ఫాదర్ మెతోడి ఇదేం లెక్క అని గొణిగాడు గానీ, ఆ రోజు మేస్త్రీ ఇంట్లో రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. మెహ్మెద్‌కి ముస్లిముల పండగ బైరం రాసింది. తన గడి మాత్రం వదిలేసింది. పేరు పెట్టిన తండ్రే వదిలేశాక మనమెందుకు గోకడం అనుకుంది.

రొట్టెముక్క అయిపోతుండగా ఆ మెహ్మెదే తలుపు తోసుకుని వచ్చాడు. ఒంటినిండా పిండి, చేతుల్లో గుడ్డ కప్పిన గుండ్రటి రొట్టె. పైన పిండితోనే జడ అల్లి, ద్రాక్షగుత్తి చేసి అతికించి ఉంది.

"వందేళ్ళు బతుకు అక్కా!" అన్నాడు.

"బతుకుతాలే. ఏంటి సంగతి? ఎవరింటికి తీసుకెళ్తున్నావు?"

"మీ ఇంటికే. దోవలో నువ్విక్కడ దొరికావు."

"నాకెందుకు?"

మెహ్మెద్ నెవెనా వైపు చూశాడు. నెవెనా ఫోను తీసింది, చదివింది. తర్వాత ఫోనును ఏదో వేడిగిన్నె అందించినట్టు రెండు చేతులతో లేత్కాకి అందించింది.

'ఈ రోజు పేరుపండగ: పెతిలెత్కా దోబ్రెవా, మిల్లు వీధి, చివరి ఇల్లు. మనసారా దీవించండి.'

లేత్కా కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. అక్షరాలు కదల్లేదు. మెడ మీదినుంచి ఎరుపు పైకి పాకి చెవుల్లో నిలబడింది.

"యంత్రానికి పిచ్చెక్కింది," అంది. వెంటనే, "కాదు, నాకే," అంది.

ఎక్కడ తప్పు జరిగిందో ఆమెకి చూడకుండానే తెలిసిపోయింది. పాత స్క్రిప్టు మొదట క్యాలెండరులో ఆ రోజు గడిని చూసేది; ఆ రోజు ఏ పునీతుడి పేరూ లేకపోతే అక్కడే ఆగిపోయేది. ఈ వేసవిలో ఆమె దాన్ని మొదటినుంచీ తిరగరాసింది. కొత్తది మనిషి గడినీ రోజు గడినీ పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ ఉన్నది ఒకటే అయితే ఆ పేరు తీసుకెళ్ళి మీసాల మధ్య కూర్చోబెడుతుంది. కొత్తదాన్ని నడపడం ఈ వారమే మొదలు. ఈ రోజు గడిలో ఎవరూ లేరు. లేత్కా గడిలోనూ ఎవరూ లేరు. ఖాళీకీ ఖాళీకీ తేడా ఏముంది? రెండూ ఒకటేనని యంత్రం నమ్మింది.

"ఖాళీ, ఖాళీ కలిశాయి మెహ్మెద్. అంతే. ఇది పండగ కాదు, పొరపాటు," అంది.

"రొట్టె పొరపాటు కాదు కదా. ఇంకా వేడిగా ఉంది," అన్నాడతను. బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

లేత్కా ఆ పేరును పేజీలోంచి తీసేసింది. రెండు వేళ్ళూ ఎప్పటికన్నా గట్టిగా పడ్డాయి. తర్వాత గాజుపెట్టె తాళంచెవి పట్టుకుని బయటికి పరిగెత్తింది. ఆ పెట్టె ముందు దేనా నిలబడి ఉంది. ఎండిన మిరపకాయలాంటి మనిషి. చేతికర్రను నడవడానికి కన్నా చూపించడానికే ఎక్కువ వాడుతుంది.

"జరుగు దేనక్కా. కాగితం తియ్యాలి."

"తియ్యి. చూసినవాళ్ళ కళ్ళు కూడా తీస్తావా?"

"నవ్వులాట కాదు. ఇన్నేళ్ళు ఊరందరి పేర్లూ వేశాను. ఒక్కనాడైనా నా వైపు వేలు చూపించుకున్నానా? ఇప్పుడు నా పేరు నేనే వేసుకుంటే అడుక్కున్నట్టు కాదూ? ముసల్దానికి ఎవరూ దిక్కులేక, రండ్రా బాబూ అని బతిమాలుకుంటోందనరూ?"

"అంటారు. నేను పొద్దున్నే అనేశాను," అంది దేనా.

లేత్కా గాజుపెట్టె తాళం తీసింది.

"అన్నాను గనక ఆ మాట పాతబడిపోయింది. ఇక ఎవరూ అనరు. ఇంట్లో ఏముంది?"

"ఏముంటుంది? బస్తాడు మిరపకాయలున్నాయి. ఈ రోజు కాల్చి సీసాలకెత్తుదామనుకున్నాను."

"గొర్రెపిల్ల లేదా? ఉందని బస్సువాడు చెప్పాడే."

"దేనక్కా!"

"సరే సరే. పద, ఇంటికి పద. తలుపు తీసిపెట్టు."

కాగితం చింపి గుప్పిట్లో నలుపుకుంటూ లేత్కా బజారు వెంట నడిచింది. కనిపించినవాళ్ళందరికీ పొరపాటని చెప్పుకుంటూ పోవాలని ఆమె ఆలోచన. ద్రాక్ష కోతల వారం అది. ప్రతి వాకిట్లోనూ నిప్పుల మీద డ్రమ్ము తిప్పుతూ, కారంలేని లావుపాటి ఎర్రమిరపకాయలు కాలుస్తున్నారు. ఊరంతా తియ్యటి పొగ. "ఆ పేరు పొరపాటున పడిందమ్మా," అని ఒకామెతో అంటే, ఆమె మసి చేతులతోనే రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దుపెట్టుకుంది. గొట్టాల మేస్త్రీ కోస్మోస్ గోతిలోంచి తల బయటపెట్టి, "నన్ను కోజ్మా గూట్లో పెట్టినప్పుడు పొరపాటు కాదేం పిన్నీ? సాయంత్రం వస్తున్నా. నా గ్లాసు పెద్దది పెట్టు," అన్నాడు. వీధి చివరికి వచ్చేసరికి లేత్కా రెండు బుగ్గల మీదా ఐదేసి నల్లటి వేళ్ళు అచ్చుపడి ఉన్నాయి. తలుపు తీసి, అద్దంలో చూసుకుని, కుర్చీలో కూలబడింది.

భయం ఆమెకి రెండు వైపులనుంచీ ఉంది. వస్తే ఏం పెట్టాలి అన్నది ఒకటి. ఇంత అయ్యాక ఎవరూ రాకపోతే అన్నది రెండోది. ఆ రెండోదాన్ని పైకి అనుకోవడానికి కూడా ఒప్పుకోక, లేచి పొయ్యి వెలిగించింది.

మిరపకాయలు కాల్చింది. తోలు వలిచింది. వెల్లుల్లి దంచి, నూనె పోసి, తెల్లచీజు చిదిమి చల్లింది. గుడ్లు ఎన్నుంటే అన్నీ కొట్టింది. మెహ్మెద్ రొట్టె మధ్యలో పెట్టింది. నేలమాళిగలోకి దిగి, ఇల్కో ఆఖరిసారి కాచిన పళ్ళసారా బుడ్డిని బూజు దులిపి పైకి మోసుకొచ్చింది. ఇల్కో పోయాక దాని మూత ఎవరూ తియ్యలేదు. ఎవరికోసం దాచిందో ఆమెకే తెలియదు. గడప పక్కన మెట్ల మీద సీసాలు కడిగి బోర్లించి ఉన్నాయి, మిరపకాయ పచ్చడికోసం. వాటిని లోపలికి తేవడానికి చేతులు ఖాళీ లేకపోయాయి.

ముందు దేనా వచ్చింది, చేతిలో గుమ్మడికాయ రొట్టెల తట్టతో. తర్వాత నెవెనా, ఆమె మొగుడు, ఇద్దరు పిల్లలు. కోస్మోస్ తన గ్లాసు తానే తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఇక ఒకరొకరుగా రావడం అయిపోయింది. గేటు కీచుమనడం ఆగలేదు. ప్రతివాళ్ళ చేతిలోనూ పూలు. లేత్కా ఇంట్లో పూలకూజా లేదు. ఇల్కో పండగలకి అందరూ సారా సీసాలు తెచ్చేవాళ్ళు గానీ పూలెవరు తెచ్చారు? పూలు పట్టుకుని ఆమె గది మధ్యలో ఒక చుట్టు తిరిగింది.

"ఆ మెట్ల మీదున్నవి సీసాలు కావా?" అని దేనా కర్రతో చూపించింది.

పచ్చడి సీసాలన్నీ నీళ్ళు పోసుకుని పూలు పెట్టుకున్నాయి. చేమంతులు, డేలియాలు, ఎవరో పక్కవాళ్ళ కంచె మీదినుంచి కోసుకొచ్చిన గులాబీలు. బస్సు డ్రైవరు తెచ్చిన గుత్తిని దేనా చేతిలోకి తీసుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టి, కర్ర ఎత్తింది.

"ఏరా, సరిసంఖ్య తెచ్చావేం? సరి పూలు పోయినవాళ్ళకి కదా! సమాధి దగ్గరికి బయల్దేరావా? ఇది ఇంకా బతికే ఉంది చూడు!"

"తొందర్లో చూసుకోలేదు మామ్మా..."

దేనా గుత్తిలోంచి ఒక పువ్వు పీకి తన తలగుడ్డలో దోపుకుంది. "ఇప్పుడు బేసి అయింది. ఇక ఇవ్వు," అంది. ఇల్లంతా నవ్వింది. తలలో పువ్వుతో దేనా ఆ సాయంత్రమంతా పెళ్ళికూతురులా తిరిగింది.

ఫాదర్ మెతోడి వచ్చి సారా వాసన చూసి, కూర్చున్నాక అడిగాడు: "ఇంతకీ ఈ రోజు ఏ పునీతుడిదమ్మా?"

"ఎవరిదీ కాదు ఫాదర్. అదే చెబుతున్నాను పొద్దున్నుంచీ. ఖాళీ," అంది లేత్కా.

"ఖాళీ ఎక్కడుంటుంది? పెద్దవాళ్ళ పేర్లు పిల్లలకి పెట్టుకున్నారు, చిన్నవాళ్ళని వదిలేశారు. ప్రతి రోజూ ఇద్దరు ముగ్గురు చిన్న పునీతులుంటారు పాపం, పలకరించే దిక్కులేక. వాళ్ళలో ఎవరో నిన్ను చూసి జాలిపడి ఉంటారు." గ్లాసు ముందుకు జరిపాడు. "ఆయన పేరు రేపు చూసి చెబుతాను. ఈ లోపల ఆయన ఆరోగ్యానికి కొద్దిగా పొయ్యి."

"నాకు బైరం రాసినప్పుడు ఎవర్నడిగావు అక్కా?" అన్నాడు మెహ్మెద్ నోటినిండా మిరపకాయతో. "ఊరు ఊరంతా మా ఇంటి మీద పడి బక్లవా మిఠాయంతా ఊడ్చేస్తోంది. మా ఆవిడ ముందు రోజునుంచే తిట్లు మొదలెడుతుంది. నువ్వు లేకపోతే హాయిగా మేమే తినేవాళ్ళం."

"ఆవిడే కదయ్యా నాలుగు తట్టలు చేసి, చాలలేదని ఏడ్చింది?" అంది నెవెనా.

లేత్కా అలవాటుగా పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. పళ్ళెం నింపి అందిస్తూ, ఖాళీ అయింది లాక్కుంటూ, ఎవరైనా ఏమైనా అంటే తల ఊపుతూ. ఇల్కో కుర్చీ బల్లకి ఆ చివర, తలుపుకి ఎదురుగా ఖాళీగా ఉంది. ఎవరూ దాంట్లో కూర్చోలేదు. అది ఆమె గమనించలేదు. దేనా వచ్చి చేతిలో గరిటె లాక్కుంది.

"ఎవరి పండగే ఇది?"

"దేనక్కా, గుడ్లు మాడతాయి..."

"మాడనీ. పండగ ఉన్నవాళ్ళు తలుపుకి ఎదురుగా కూర్చుంటారు, వచ్చేవాళ్ళకి కనిపించేలా. పో."

లేత్కా వెళ్ళి ఆ కుర్చీలో అంచు మీద కూర్చుంది, బస్సులో వేరేవాళ్ళ సీట్లో కూర్చున్నట్టు. అక్కణ్ణించి తన ఇల్లు ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. తీసి ఉన్న తలుపు, దాని అవతల మెట్లు, మెట్ల నిండా పూల సీసాలు, గేటు తోసుకుని వస్తున్న ఇంకెవరో. వాళ్ళు ఆమెనే చూస్తూ నవ్వుతూ వస్తున్నారు. కొంచెం వెనక్కి జరిగింది. ఇంకొంచెం జరిగింది. వీపు కుర్చీకి ఆనింది. కోస్మోస్ పాట ఎత్తుకున్నాడు. బాజాలు లేవన్న లోటు పెద్దగా తెలియలేదు; కోస్మోస్ గొంతు అలాంటిది.

మర్నాడు పొద్దున్న ఆమె స్క్రిప్టులో ఒక్క వరస చేర్చింది: గడి ఖాళీ అయితే ఎవరితోనూ కలపకు. ఆ పని అయ్యాక మీట నొక్కబోతుంటే కిటికీ అవతల కర్ర కొట్టిన చప్పుడు.

"సరిచేశావా?" అంది దేనా.

"చేశాను. ఇంక పడదు."

"పడకపోతే వచ్చే ఏడు నేను ఆ సారా ఎలా తాగను? నీ గడిలో నిన్నటి తేదీ వెయ్యి."

"ఎవరి పేరుతో?"

"నీ పేరుతో. నువ్వు ఊరందరికీ వేశావు కదా, ఎవర్నడిగావు? వెయ్యి, నేనిక్కడే నిలబడతా."

లేత్కా తన గడి తెరిచింది. తర్వాత రెండు వేళ్ళూ మీటల మీద మెల్లగా పెట్టింది, మొదటిసారి టైపు నేర్చుకుంటున్నట్టు.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆ రోజు వచ్చింది. గొర్రెపిల్ల కూడా వచ్చింది. ఫాదర్ మెతోడి ఆ చిన్న పునీతుడి పేరు ఏటా రేపు చెబుతాననేవాడు. ఒక కూజా కొనుక్కోవే అని దేనా పోరింది. పూలకి సీసాలే అలవాటైపోయాయి అంది లేత్కా.

ఐదో ఏడు, మిరపకాయలు ఎర్రబడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆమె సీసాలన్నీ కడిగి మెట్ల మీద బోర్లించింది. చేతులు తుడుచుకుంది. ఇల్కో కుర్చీని తలుపుకి ఎదురుగా లాక్కుని కాసేపు కునుకు తీద్దామని కూర్చుంది. లేవలేదు. దేనా గుమ్మడికాయ అడగడానికి వచ్చి చూసింది. తలుపు తీసే ఉంది.

నెవెనా ఆ అరిగిన కీబోర్డు ముందు కూర్చుని, అక్షరాలు తడుముకుంటూ, లేత్కా చేసిన చావుకబురు అచ్చులోనే లేత్కాని పోసింది. నల్ల అంచు కాగితాలు స్తంభాల మీదా, బస్టాపులోనూ, మిల్లు వీధి చివరి గేటు మీదా అంటించారు. పట్టికలో ఇంకొక పని మిగిలింది. పోయినవాళ్ళ వరసలో ఒక గుర్తు పెట్టాలి. పెడితే ఆ పేరు ఇక పండగల్లోకి రాదు. పోయినవాళ్ళకి పేరుపండగ ఉండదు కదా. రేపు పెడదాం అనుకుంది నెవెనా. మర్నాడూ అదే అనుకుంది.

ద్రాక్ష కోతల వారం వచ్చింది. ఒక పొద్దున్న నెవెనా మీట నొక్కి, కాఫీ దింపి, తెర చూసింది. 'ఈ రోజు పేరుపండగ: పెతిలెత్కా దోబ్రెవా, మిల్లు వీధి, చివరి ఇల్లు. మనసారా దీవించండి.' స్వెట్టరైనా వేసుకోకుండా బయటికి పరిగెత్తింది. అప్పటికే ఆలస్యమైంది. బజారు మూల పూలకొట్టు దగ్గర వరస కట్టి ఉన్నారు. మెహ్మెద్ చంకలో గుడ్డ కప్పిన రొట్టె. బస్సు డ్రైవరు బస్సును దారికడ్డంగా ఆపి దిగి నిలబడ్డాడు. అందరికన్నా ముందు దేనా.

"పొరపాటు జరిగింది. గుర్తు పెట్టడం మరిచిపోయాను," అంది నెవెనా రొప్పుతూ. "ఇప్పుడే వెళ్ళి తీసేస్తాను."

"తియ్యి, వేళ్ళు విరుస్తా," అంది దేనా వెనక్కి తిరక్కుండానే. "నలభయ్యో రోజు ఇంకా రాలేదు. అందాకా దాని ఆత్మ ఇల్లు వదలదు."

పూలమ్మే జివ్కా చేమంతుల బకెట్టు ముందుకు లాగింది. కాడలు ఒక్కొక్కటే ఏరుతూ, మధ్యలో ఆగి, ఎవరి మొహమూ చూడకుండా మెల్లగా అడిగింది.

"మామ్మా, సరి కట్టనా... బేసి కట్టనా?"

వరసలో అందరూ నేలకేసి చూశారు. దేనా కర్రను కొట్టు బల్లకి ఆనించి, రెండు చేతులూ చాపింది.

"పేరుపండగకి సరి పూలు పట్టుకెళ్ళేదాన్లా కనిపిస్తున్నానా నీకు? బేసి కట్టు. తాళం వేసి ఉంటే ఉండనీ, సీసాలు మెట్ల మీదే ఉన్నాయి."